వారం ముందున్న క్యాలెండరు

ఆ శుక్రవారం నాకు కాలు ఒకచోట నిలవలేదు. మరునాడు సబ్బాతు, అంటే మా శనివారపు విశ్రాంతి దినం. ఆ రోజు భోజనాల దగ్గర, ఆ వారం చదివే తోరా భాగం మీద, అంటే మోషే గ్రంథాల్లోని పాఠం మీద, పది నిమిషాలు మాట్లాడమని నన్ను అడిగారు. నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. సింగపూర్‌లోని టోవా పాయోలో మా బ్లాక్‌కి మూడు బ్లాకుల అవతల, ఒక యూదు అంకుల్ ఫ్లాట్‌లో పాతికమందిమి ప్రతి శనివారం ప్రార్థనకు కూడుతాం. ఆయనది తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. మేమేమో గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగు యూదులం. ఈ మాట వినగానే కొత్తవాళ్లంతా ఒకటే అడుగుతారు: తెలుగువాళ్లలో యూదులున్నారా, ఎప్పటి నుంచి అని. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, తర్వాత చెప్పడం మానేసి గిన్నెలు సర్దే పనిలో పడ్డాను.

ఇది మా అమ్మాయి గమనించింది. దానికి పద్నాలుగేళ్లు. ఇక ప్రార్థనకు రానని నెల రోజులుగా అంటోంది. "మనం అక్కడ గెస్ట్స్ అమ్మా. ఫోర్ ఇయర్స్ అయినా గెస్ట్సే లాహ్," అని ఒకరోజు ఇక్కడి పిల్లల యాసలో అనేసింది. ఈ ఒక్క వారం వచ్చి నా మాటలు విను, తర్వాత నీ ఇష్టం అని ఒప్పించాను. అందుకే ఆ పది నిమిషాలు నాకంత ముఖ్యం.

మూడు వారాలు తయారయ్యాను. ఇజ్రాయెల్‌లో ఉన్న మా బాబాయి కొడుకు పంపిన క్యాలెండరు వంటింట్లో వేలాడుతుంది. ప్రతి శనివారం గడిలో ఆ వారం చదవాల్సిన భాగం పేరు ఉంటుంది. అందులో చూసే వేగులవాళ్ల కథ సిద్ధం చేసుకున్నాను. దేవుడు ఇస్తానన్న దేశాన్ని చూసి రావడానికి వెళ్లి, అక్కడి భారీ మనుషుల ముందు తాము మిడతల్లా ఉన్నామనుకుని వణికిపోయినవాళ్ల కథ అది. క్లెమెంటిలో నా ల్యాబ్‌కి వెళ్లే రైల్లో పెదవులు కదుపుతూ వల్లె వేస్తుంటే, పక్కనున్న ఆవిడ లేచి ఇంకో సీటులోకి మారింది. సబ్బాతు రోజు వీధిలో ఏమీ మోసుకెళ్లం కాబట్టి, రాసుకున్న నాలుగు కాగితాలూ శుక్రవారమే అంకుల్ ఇంట్లో పెట్టి వచ్చాను.

సబ్బాతు రోజు లిఫ్టు బటన్ కూడా నొక్కం. అంకుల్ ఫ్లాట్‌కి తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కి, ఆయాసం తీరకముందే పుస్తకంలో వేగులవాళ్ల పేజీ తెరిచి కూర్చున్నాను. చదివేవాళ్ల నోటి నుంచి మాత్రం దీపాలు వెలిగించడం గురించి వినిపిస్తోంది. అమ్మాయి నా పుస్తకం లాక్కుని పేజీలు వెనక్కి తిప్పింది.

"అమ్మా, నీది నెక్స్ట్ వీక్‌ది."

అప్పటికి గాని నాకు వెలగలేదు. రెండు వారాల కిందట వచ్చిన ‘వారాల పండగ’ ఇజ్రాయెల్‌లో ఒక్కరోజే, బయటి దేశాల్లో ఉన్న మాకు రెండు రోజులు. ఈసారి ఆ రెండో రోజు శనివారం పడింది. మేమిక్కడ పండగ పాఠం చదువుతుంటే, వాళ్లక్కడ మామూలు భాగం చదివేసి వారం ముందుకు వెళ్లిపోయారు. పోయిన శనివారం వచ్చి ఉంటే తెలిసేదే, అమ్మాయికి జ్వరమని రాలేదు. క్యాలెండరుది తప్పేం లేదు. నేనే ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయాను.

ఫోను ముట్టుకోకూడదు, పెన్ను పట్టుకోకూడదు. ఇక చెవులే గతి. జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

అప్పుడొచ్చింది ఆ ముక్క. శవాన్ని ముట్టుకుని మైలపడ్డ కొందరు, ఐగుప్తు నుంచి విడుదలైన గుర్తుగా చేసే పస్కా పండగ చేసుకోలేకపోయారు. మోషే దగ్గరికొచ్చి, మమ్మల్నెందుకు వదిలేయాలి అని అడిగారు. ఆగండి, దేవుణ్ణి అడిగి చెబుతానన్నాడు మోషే. మైలపడ్డవాళ్లూ దూర ప్రయాణంలో ఉన్నవాళ్లూ నెల తర్వాత చేసుకోవచ్చని జవాబు వచ్చింది.

నాన్న గుర్తొచ్చాడు. నాకు పదేళ్లప్పుడు, సరిగ్గా పస్కా ముందు రోజు మా తాత పోయాడు. పాడె మోసిన నాన్న ఆ ఏడు పండగకు కూర్చోలేదు. నెల తర్వాత, మే నెల ఉక్కలో, ఒక్కడే పొయ్యి ముందు కూర్చుని పులియని రొట్టె కాల్చుకుని చేదాకులతో తిన్నాడు. ఎండకు నాన్నకు మతిపోయిందని నేను నవ్వాను.

"అడిగినోళ్లకి దేవుడు ఇంకో రోజిచ్చాడమ్మా," అన్నాడు నాన్న.

అది నాన్న కల్పించుకున్న మాట అనుకుని ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. తీరా చూస్తే ఇక్కడ రాసి ఉంది! లేచి గంతెయ్యాలనిపించింది.

భోజనాల దగ్గర ముందు నా తప్పు ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నాన్న రొట్టె గురించి చెప్పాను. వాళ్లు పండగకు అందకపోయింది బద్ధకం వల్ల కాదు, పోయినవాళ్లను మోసినందుకు అన్నాను. మేమూ ఆలస్యంగానే వచ్చాం, చాలా దూరం నుంచి వచ్చాం, కానీ అడుగుతూ వచ్చాం అన్నాను. ఈ రోజుల్లో స్కూల్లోనైనా ఆఫీసులోనైనా రూల్ ఇంతే అని పంపేస్తారు. మోషే అంతటివాడు మాత్రం తెలియదు, కనుక్కుంటానన్నాడు, నాకు ఆ పెద్దమనిషి తెగ నచ్చాడు అన్నాను. పది నిమిషాలు కాస్తా పాతికయ్యాయి. మా అమ్మాయి తినడం ఆపేసి నన్నే చూస్తోంది. వాళ్ల తాతయ్య రొట్టె సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

అంకుల్ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. తర్వాత, చిన్నప్పటి నుంచి ఈ భాగం వింటున్నా రెండో పస్కా చేసుకున్న మనిషి గురించి వినడం ఇదే మొదటిసారి అన్నాడు. నాన్న ఆ రొట్టె ఎలా కాల్చాడో, ఏ ఆకులు తిన్నాడో అన్నీ అడిగాడు. ఎప్పటి నుంచి యూదులు అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

బయల్దేరుతూ చూస్తే, నా నాలుగు కాగితాలనూ అమ్మాయి అంకుల్ పుస్తకాల అరలో జాగ్రత్తగా పెడుతోంది. వాటితో ఏం పని అన్నాను.

"నెక్స్ట్ వీక్ నేను చెప్తా. మిడతల పార్ట్ కొంచెం మారుస్తా లాహ్."

"ముందు అంకుల్‌ని అడగాలి కదే," అన్నాను.

"అడిగేశా," అంది.