గాజుల మీద మేజోడు

మొన్న నెల్లూరులో బస్సు కోసం నిలబడి ఉంటే, స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి నా పక్కనే ఆగింది. ఎండకు నల్లబడకుండా మోచేతుల దాకా గుడ్డ తొడుగులు వేసుకుంది. ఫోను తీయడానికి చెయ్యి ఎత్తగానే తొడుగు లోపల గాజులు కదిలాయి. గలగల కాదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినట్టు ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు ఎంత బాగా తెలుసో! నాకు తెలియకుండానే పైకి నవ్వేశాను. ఆ అమ్మాయి నా వంక అదోలా చూసి బండి ముందుకు పోనిచ్చింది. పాపం, నాకు కస్తూరక్క గుర్తొచ్చిందని ఆమెకెలా తెలుస్తుంది?

తడ దగ్గర పారిశ్రామికవాడలో విదేశాలకు ఆడవాళ్ళ మేజోళ్ళు అల్లి పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పెళ్ళయిన కొత్తలో నేను అందులో చేరాను. కస్తూరక్క మా లైనుకు సూపర్‌వైజరు. సొంతూరు గూడూరు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ మడత చెదరని నూలు చీరలో ఉండేది. భర్త చిన్నవయసులోనే పోయాడు. చేతికి ఒక వాచీ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మాదేమో పులికాట్ ఒడ్డున చేపలు పట్టే పల్లె. వలల మధ్య పుట్టి, మళ్ళీ వలల మధ్యకే కోడలిగా వచ్చినదాన్ని. ఆ చల్లటి హాలు, బస్సులో తోటి ఆడపిల్లల కబుర్లు, మెడలో నా పేరున్న కార్డు, అన్నీ నాకు వింతే. ఆ ఉద్యోగమంటే ప్రాణం పెట్టేదాన్ని.

ఒక్కో మేజోడును కాలు ఆకారంలో ఉన్న పలకకు తొడిగి, వెలుతురులో తప్పులు చూడటం మా పని. సాలెగూడులా పల్చటి సరుకు. చేరిన కొత్తలోనే నా గాజు ఒక పోగును పట్టుకుంది. మోకాలి దగ్గర తెగిన పోగు చూస్తుండగానే మడమ దాకా జారిపోయింది. ఇంట్లో వల తెగితే ఏం చేస్తామో అదే చేశాను. వరసగా, గట్టిగా వలముడులు వేసి, బాగుచేశానన్న ధీమాతో పెట్టెలో పెట్టాను. కస్తూరక్క దాన్ని తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఏంది మే ఇది?"

"తెగిందక్కా. ముడేసినాను. ఇంక జన్మలో తెగదు."

"తెగదులే! దీన్ని తొడుక్కోని ఆ దొరసాని రొయ్యలు పట్టుకోవాల్సిందే!"

హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మేనేజరు మాత్రం నవ్వలేదు. రేపటినుంచి గాజులు తీసేసి రావాలి, లేదా రానక్కర్లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా పల్లెలో మగవాడు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఆడది గాజులు తీయదు. ఒకటి పగిలితే ఇంకొకటి తొడుక్కున్నాకే మిగతా పని. అప్పుడు మా ఆయన సముద్రం మీద ఉన్నాడు. అత్తకు సంగతి చెప్పాను. "ఉద్యోగం పోతే ఇంకోటి వస్తాది. గాజులు తీసినావంటే మాత్రం గడప తొక్కబాక" అంది. అత్తకు భయపడ్డానని చెబితే అబద్ధం. నాకే చెయ్యాడలేదు. గాజు మీద చెయ్యి వేస్తే చాలు, కళ్ళ ముందు పడవ ఊగేది.

మర్నాడు కార్డు తిరిగిచ్చేద్దామని వెళ్ళాను. కస్తూరక్క టీ ఇప్పించి, ఎదురుగా కూర్చుంది. ఆమె దగ్గర ఎప్పుడూ మేజోళ్ళ కథలుండేవి. అంతకుముందు మద్రాసులో పనిచేసినచోట ఒక పెద్దాయన చెప్పాడట.

"మొదట్లో ఇయ్యి ఆడోళ్ళయి కాదు మే. రాజులూ మగోళ్ళూ పట్టు మేజోళ్ళేసుకోని, పిక్కలు చూపించుకుంటా తిరిగినారంట. మీ పల్లె పెద్దకాపు అట్టా తిరిగితే ఎట్టుంటాదో అనుకో!"

అంత దిగులులోనూ టీ పొలమారింది.

"తరవాత నైలాన్ వచ్చింది. ఆడోళ్ళు అంగళ్ళ ముందు ఎగబడినారంట. అంతలో యుద్ధమొచ్చి, ఆ నైలానంతా పారాచూట్లకి పొయ్యింది. అప్పుడేం చేసినారో తెలుసా? మేజోడు వెనక కుట్టు కనపడతాది గదా, అట్టాంటి గీతని ఉత్త పిక్కల మీద పెన్సిల్‌తో గీసుకోని బయటికి పొయ్యినారు."

"లేనిదాన్ని గీసుకున్నారా? ఎందుకక్కా?"

"బోసికాళ్ళతో గడప దాటలేక. నీకు గాజులెట్టనో, వాళ్ళకదట్టా."

అంటూనే ఏదో తట్టినట్టు లేచింది. పనికిరాదని పక్కన పడేసిన నల్ల మేజోళ్ళలో ఒకటి తీసుకుని, పాదం భాగం కత్తెరతో కోసేసింది. "చెయ్యి చాపు" అంది. మణికట్టు నుంచి మోచేతి దాకా, గాజుల మీదుగా దాన్ని తొడిగింది. తరవాత ఇంకొకటి కోసి రెండో చేతికి. గాజులు ఒంటికి అంటుకుని గప్‌చిప్‌గా ఉండిపోయాయి. నన్ను అలాగే మేనేజరు ముందుకు లాక్కుపోయి, పెన్సిల్ కథ ఆయనకూ వినిపించింది. ఒక్క పోగు తెగినా తనదే బాధ్యత అంది. ఆయన నా చేతులు అటూ ఇటూ తిప్పించి చూసి, చివరికి తల ఊపాడు.

ఆ రోజు ఒక్క పోగూ తెగలేదు. వారం తిరిగేసరికి మా లైనులో పెళ్ళయినవాళ్ళూ కానివాళ్ళూ అందరి చేతులకూ మేజోళ్ళే! ఒకామెకు చారలది కావాలి, ఇంకొకామెకు పూలది కావాలి. తప్పుపడిన ఎర్ర మేజోడు ఒకటి దొరికితే దానికోసం ఇద్దరు రెండ్రోజులు మాట్లాడుకోలేదు. కస్తూరక్క తలపట్టుకుని, "ఫ్యాషనుకి తలుపు తీసింది నేనే, అనుభవించాల్సిందే" అని నవ్వేది.

తరవాతి ఏడు నా శ్రీమంతం. కస్తూరక్క వచ్చింది. చీర చేతిలో పెట్టి, గాజుల పళ్ళెం తెచ్చే వేళకు మెల్లిగా పందిరి చివరకు జరిగి చెప్పులు వెతుక్కుంటోంది. భర్త లేనివాళ్ళు ఆ సమయానికి పక్కకు తప్పుకోవడం మా వైపు అలవాటు. పిలవాలని నాకుంది, పెద్దవాళ్ళ ముందు ధైర్యం చాలలేదు. పిలిచింది మా అత్త.

"యాడికమ్మా పొయ్యేది? ముందు నువ్వు తొడుగు."

"నేనొద్దులేమ్మా. పెద్దముత్తైదువులుండారు గదా."

"నా కొడుకు నీళ్ళ మీదుంటే దీని గాజులు నిలబెట్టింది నువ్వు. వీళ్ళెవరూ కాదు. రా, కూర్చో."

కస్తూరక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అంత పల్చటి సరుకును ఏళ్ళ తరబడి తడబడకుండా పట్టుకున్న ఆ వేళ్ళు, పచ్చగాజులను ఒక్కొక్కటే అంతే జాగ్రత్తగా ఎక్కించాయి. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, పెదవులతో నవ్వుతూ నా రెండు చేతులా నింపింది. నేను అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

ఆమె ఇప్పుడు గూడూరులో తమ్ముడి పిల్లల మధ్య హాయిగా ఉంది. నేనేమో మా పల్లెలో ఏ శ్రీమంతానికి వెళ్ళినా, వెళ్ళగానే పందిరి చివర ఎవరు నిలబడ్డారా అని చూస్తాను. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పళ్ళెం ముందు కూర్చోబెడతాను. మొదట్లో గుసగుసలు వచ్చేవి. ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లలే, "అత్తా, ఆమెను పిలవవా?" అని నన్ను అడుగుతున్నారు.