కొసరు పట్టని గిన్నె

మొన్న కొరియర్ మనిషి ఇచ్చి వెళ్ళిన అట్టపెట్టెలోంచి మా అమ్మాయి ఒక చిన్న సీసా తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, మూతి దగ్గర ఖాళీ ఉంది నాన్నా, నూనె తక్కువ పోశారు, ఫిర్యాదు పెట్టనా అని అడిగింది. నేను నవ్వి, వద్దులే అన్నాను. అన్నాక నాకే వింతగా తోచింది. అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, కొత్తిమీర కట్ట కొంటే కరివేపాకు రెబ్బ రాలకుండా అక్కడినుంచి కదలనివాణ్ణి, పెళ్ళిచూపులనాడు మామగారు రెండో కప్పు కాఫీ తెప్పిస్తే ఇది లెక్కలోదా కొసరా అని అడిగానని మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్వించే ఘనుణ్ణి. అలాంటివాణ్ణి సీసా మూతి దగ్గర ఖాళీ చూసి ఊరుకోవడం ఎక్కడ నేర్చుకున్నానంటే, ఒక రిమోట్ కారు దగ్గర.

మన ఈడువాళ్ళకు కొసరంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కొలత అయిపోయాక, బేరం ముగిశాక, గిన్నె పట్టుకున్న మనిషి ముఖం చూసి పోసే ఆ చివరి నాలుగు చుక్కలే కొసరు. కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీల లైన్ ఇళ్ళ చివర మా సరుకుల అంగడి నడిచిందే ఆ నాలుగు చుక్కల మీద. నాన్న పోయాక అమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది, నేను తూకం దగ్గర. గనులు మూతపడ్డాక గిరాకీ ఒక్కసారిగా పోలేదు, కారుతున్న డబ్బాలాగా పోయింది. పొద్దున రైలెక్కి బెంగళూరులో పనికి పోయేవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు పప్పూ ఉప్పూ కూడా అక్కడినుంచే మోసుకొచ్చేవారు. కోలారు టమోటా మండీలో దళారి అయిన మా మేనమామ, అంగడి మూసేసి వచ్చెయ్యి, వేలంపాటలో నీ గొంతుకు మంచి ధర పలుకుతుంది అని కబురుమీద కబురు పెట్టేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ నేను పోతే తలుపులు పడతాయి, తలుపులు పడితే అమ్మ ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే అప్పటికే ఆమె బియ్యప్పెట్టెలు ఇరుగుపొరుగుకు ఇచ్చెయ్యడం మొదలుపెట్టింది, ఇచ్చినప్పుడల్లా వాటి మూతలు మాత్రం తన దగ్గరే ఉంచుకునేది.

ఆ రోజుల్లోనే మా బావమరిది, బెంగళూరులో ఒక కార్ఖానాలో పని చేసేవాడు, రిమోట్ కార్ల క్లబ్బు ఒకదాన్ని మా సైనైడ్ గుట్టల మీదికి తీసుకొచ్చాడు. తిరునాళ్ళలో అమ్మే బొమ్మలు కావవి. మూరెడు పొడవుండి, లారీ కింద దూరి చూస్తే కనిపించేవన్నీ వేలెడంత కొలతలో ఉన్న కార్లు. కానీ బంగారం తీశాక మిగిలిన ఆ బూడిదరంగు ఇసుక మీద పందెం సగం కాకముందే అవి ఎక్కడివక్కడ ఆగిపోయేవి. తప్పు ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌దని బావమరిది చెప్పాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. ఆ రెండింటి మధ్య తగువు తీర్చేందుకు ఒక చిన్న గిన్నెలో నాలుగైదు పళ్ళచక్రాలు, అవి మునిగేలా చిక్కటి సిలికాన్ నూనె. నాకది వెంటనే అర్థమైంది, అది మా మామ లాంటి దళారి అన్నమాట. నూనె పలుచనైతే దళారి మరీ మెత్తనివాడు, గాలిలోకి లేచిన చక్రమే బలమంతా లాగేసుకుని ఊరికే తిరుగుతుంది, నేలమీది చక్రం కదలదు. నూనె మరీ చిక్కనైతే దళారి మొండివాడు, రెండు చక్రాలూ ఒకటే వేగమంటాయి, కారు మలుపు తిరగదు. ఇక నూనె కారిపోయిందా, దళారి లేని మండీయే.

క్లబ్బు పెద్దాయన మా ఊరివాడే, గనిలో పనిచేసిన తండ్రికి పుట్టి బెంగళూరులో స్థిరపడినవాడు. మీ కార్ల డిఫరెన్షియళ్ళన్నీ విప్పి బిగించే పని మాకివ్వండి, అంగట్లోనే బల్ల వేసుకుంటాం అని అడిగాను. ముందు ఇరుసు గిన్నె చేసి చూపించమన్నాడు. నేను ఊరుకుంటానా?

"వెనక గిన్నె కూడా మాకే ఇచ్చెయ్యండి సార్, కొసరనుకోండి."

ఆయన పడీపడీ నవ్వాడు. "కొసరు కొనేవాడు అడుగుతాడప్పా, అంగడోడే అడిగేది ఇప్పుడే చూస్తా ఉండాను! వచ్చే ఆదివారం రేసు ముగిసేదాకా కారకుండా నిలబెట్టు. ఆమీట రెండు గిన్నెలూ నీవే."

నూనె కోసం బావమరిదితో బెంగళూరు పోయాను. బొటనవేలంత సీసా ధర విని కళ్ళు తిరిగాయి. చాలాసేపు బేరమాడితే అంగడివాడు విసిగిపోయి ఒక స్టిక్కరు కొసరిచ్చాడు, దాన్ని తెచ్చి మా తక్కెడకు అంటించాను. తర్వాత పళ్ళచక్రాలు కడిగి, రబ్బరు రింగులకు గ్రీజు రాసి, గిన్నెలో నూనె పోసేపని తూకం చెయ్యి కనుక నాకే వదిలాడు బావమరిది. అంచుదాకా నిండుగా పోసి, అలవాటు కొద్దీ పైన రెండు చుక్కలు కూడా వేసి, కుక్కరు గాస్కెట్‌కు మనవడి వరసయ్యే కాగితం గాస్కెట్ పెట్టి మూత బిగించాం. బావమరిది కారుకు తగిలించి, ఎండలో కాసేపు నడిపి, గిన్నె విప్పి కిటికీ దగ్గర పాత పేపరు మీద పెడితే, చుట్టూ మెరుస్తూ నూనె వలయం. రింగులు మార్చాం, గాస్కెట్ మార్చాం, నడిపి విప్పితే మళ్ళీ అదే వలయం.

"ఇంగేం మార్చేది బావా?" అన్నాడు బావమరిది తల పట్టుకుని. "మనల్నే మార్చల్లేమో!"

గల్లాపెట్టె దగ్గరనుంచి అమ్మ లేచి వచ్చి చూసింది. "ఏందిరా ఇది, చంటిబిడ్డ మాదిరి తడిపేసింది? ఎంత పోసినావు?"

అంచుదాకా పోశానని, పైన రెండు చుక్కలు కొసరు కూడా వేశానని కొంచెం గర్వంగానే చెప్పాను. అమ్మ నుదురు కొట్టుకుంది.

"మూతేసే డబ్బాకు కొసరేందప్పా! సుగటూరు పెండ్లిండ్లకు నూనె డబ్బాలు కట్టేటప్పుడు మీ నాయన పైన నాలుగు వేళ్ళంత ఖాళీ పెట్టేది చూళ్ళేదా? బస్సు మీద ఎండకు నూనె పొంగితే యాడికి పోవల్ల అది?"

"తక్కువ పోస్తే మోసం కదమ్మా?"

"కొసరు మనుషులకురా. మూతేసినదానికి ఊపిరాడే చోటు పెట్టల్ల."

బావమరిది ఆమెకేసి, నాకేసి మార్చిమార్చి చూసి, మూత విప్పి గిన్నె నా ముందుకు జరిపాడు. పాత నూనె వంచేసి, ఈసారి పళ్ళచక్రాల మధ్య అడ్డంగా ఉండే కడ్డీ మునిగీ మునగనట్టు పోసి సీసా పైకెత్తాను. ఆ చివరి చుక్క వెయ్యకుండా సీసా వెనక్కి తీస్తుంటే, గిన్నె చాపిన మనిషి ముఖం మీద తలుపు వేసినంత సిగ్గయింది. బుడగలన్నీ మెల్లగా పైకి వచ్చేదాకా ఆగి, గాస్కెట్ పరిచి, మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెమే బిగించాం. ఎండలో నడిపి తెచ్చి పేపరు మీద పెట్టాం. పేపరు పొడిగానే ఉంది, కానీ గుట్ట మీద పందెం వేరు.

ఆదివారంనాడు అమ్మ కూడా గుట్టకు వస్తానంది. గని ఇనప గోపురం కనిపించే చోట ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని, దుమ్ముకు ముక్కూ నోరూ కొంగుతో కట్టుకుని కూర్చుంది. బావమరిది రిమోట్ పట్టుకున్నాడు, నేను పక్కన నిలబడి ఊపిరి బిగపట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. మా కారు గెలవలేదు. మా ముందు చాలా కార్లు దూసుకుపోయాయి, వాటిలో కొన్ని ఏటవాలు దగ్గర ఒక చక్రం గాలిలో తిప్పుకుంటూ నిలబడిపోయాయి. మాది మాత్రం బరువైన గోనెసంచి మోసే మనిషిలాగా ఒక్కో మలుపూ ఎక్కుతూ దిగుతూ, వెనకనుంచి లెక్కపెడితే తొందరగా తేలే స్థానంలో పందెం ముగించింది. పెద్దాయన దాన్ని వెల్లకిలా తిప్పాడు. గిన్నె చుట్టూ బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది. నూనె కారి ఉంటే అది ముద్దై అంటుకుపోవాలి. ఆయన ముఖం దగ్గరికి తెచ్చుకుని ఉఫ్ అని ఊదాడు. దుమ్మంతా పొడిపొడిగా లేచి, ఆయన మీసాల మీదా నా కళ్ళలోనూ పడింది. నా జీవితంలో అంత ఇష్టంగా కళ్ళు నులుముకున్నది లేదు.

"పొడిగా ఉండాదప్పా," అన్నాడు ఆయన దగ్గుతూ. "రెండు గిన్నెలూ నీవే."

అమ్మ డబ్బా మీదనుంచి లేవకుండానే కొంగు కిందికి లాగి కేకేసింది. "ఒరే, మీ మామకు ఫోన్ చెయ్. టమోటాలకు ఇంగెవర్నన్నా చూసుకోమను."

ఆ సాయంత్రమే ఇరుగుపొరుగుకు పోయిన బియ్యప్పెట్టెల్లో ఒకటి వెనక్కి వచ్చింది, మూత ఎలాగూ ఇంట్లోనే ఉంది. అందులో విడిభాగాలు పోసుకున్నాం.

ఇప్పుడు అమ్మ లేదు, తక్కెడ ఉంది, దాని మీద స్టిక్కరు వెలిసిపోయింది. పని మాత్రం నేను పేర్లు కూడా వినని ఊళ్ళనుంచి వస్తుంది, అమ్మాయి కంప్యూటర్లో చూసి చెబుతుంది, నేను బిగిస్తాను. లోటేమీ లేదు. ఒక్కటే, ధర తెర మీదే రాసి ఉంటుంది, ఎవరూ ఎక్కువనరు, ఇంకొంచెం వెయ్యమనరు, గొంతు తుప్పు పట్టిపోతోంది. ఉండబట్టలేక ప్రతి పొట్లంలో ఒక గాస్కెట్ ఎక్కువ వేస్తుంటాను. ఆ మధ్య ఎవరో, పొరపాటున ఒకటి ఎక్కువ వచ్చింది, తిరిగి పంపమంటారా అని రాశాడు. అది కొసరు అని రాయమన్నాను. కొసరంటే ఏమిటని మళ్ళీ అడిగాడు. ఎక్కడైనా బేరం ముగిశాక ఇంకొంచెం అని అడిగి చూడు, అప్పుడు ఎదుటివాడు నవ్వి ఇచ్చేదే అది, అని రాయించాను.

నిన్న అతని కొత్త ఆర్డరు వచ్చింది. చివర, కావలసిన భాగాలన్నీ అయ్యాక, విడిగా ఒక్క మాట: కొసరుతో. ఇన్నేళ్ళకు నన్ను అడిగేవాడు ఒకడు దొరికాడు. పొట్లంలో రెండు గాస్కెట్లు ఎక్కువ వేశాను. గిన్నెలో మాత్రం, అమ్మ చెప్పినట్టే, ఊపిరాడే చోటు వదిలి మూత పెట్టాను.