గులాబీ ఆకులో ఆవు

ఈ ఉదయం మా ల్యాబ్ మెట్ల కింద ఒక జత చెప్పులు విప్పి ఉన్నాయి. అక్కడ ఎవరూ చెప్పులు విప్పరు. మా అమ్మకు తమ్ముడి వరుసయ్యే మునియప్ప మామ తళి నుంచి మొదటి బస్సుకే హోసూరు వచ్చేశాడని అర్థమైంది.

ఆయన గ్రీన్‌హౌస్‌లో గులాబీ ఆకులు ముడుచుకుపోతున్నాయి. జబ్బేదో తెలిస్తే మందు కొట్టాలో, చెట్లు పెరికేయాలో తేల్చుకోవచ్చని పోయిన నెల ఆకులు తెచ్చిచ్చాడు. వాటి డీఎన్‌ఏ చదివించాం. అందులో ఏ ముక్క ఏ జీవిదో పోల్చి చెప్పే ప్రోగ్రాం ఈ రోజే జవాబిచ్చింది.

"ఏమొచ్చిందమ్మా?"

"ఆవు, మామా."

"ఆవు యాడిదమ్మా? నేనిచ్చింది ఆకు కదా!"

"గులాబీ కొంచెమే ఉంది. మిగతాది ఎక్కువగా ఆవుదే. ఆకుల మీద ఏమన్నా చల్లినారా?"

"బస్సులో వాడిపోతాయని పంచగవ్యంలో ముంచి తెచ్చినా."

పంచగవ్యమంటే ఆవు పేడ, పంచితం, పాలు, పెరుగు, నెయ్యి; ప్రోగ్రాం తప్పు చెప్పలేదు. మామనూ ఏమీ అనలేను. మళ్ళీ ఆకులు తెచ్చి చదివించాలంటే ఇంకో నెల పడుతుందని చెప్పాను.

"అంతవరకూ చెట్లుంటాయామ్మా?"

తెలియదన్నాను. ఆయన కాసేపు కంప్యూటర్ వైపు చూసి నవ్వాడు. "మా ఆవు లచ్చిమి ఈడికీ వచ్చేసిందే!"

నాకు నవ్వు రాలేదు. ఇన్ని జీవుల పేర్లు తెలిసిన ప్రోగ్రాం పక్కన కూర్చుని, అడిగిన ఒక్కదానికి తెలియదనడం మీలో ఎవరికైనా అలవాటైందా? అలవాటైతే ఎలాగో చెప్పండి.

జవాబు రాగానే గులాబీలకు మందులు కొనాలని మామ లచ్చిమిని పోయిన వారమే అమ్మేశాడు.