అమ్మ గదిలో పెళ్ళి పొగ

గదిలో వాసన వస్తోందని మొదట అన్నది అమ్మే.

"నేనేనే, కంపు కొడతన్నా" అంది.

నాకు ముక్కు మీదే కోపం. "నువ్వు ఊరుకుంటావా లేదా" అని అరిచాను. కానీ వాసన నిజమే. జగ్గయ్యపేటలో మేం కట్టుకున్న ఇంట్లో, ఒక్క అమ్మ గదిలోనే, కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

వత్సవాయి పొలాల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి నన్ను టీచర్ని చేసిన మనిషి మా అమ్మ. కూలి నుంచి రాగానే స్నానం చేయనిదే పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు. అలాంటిది, తన గదిలోని బాత్రూంలో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. పడిన రోజే మా ఆయన ఆ బాత్రూంకి తాళం వేసేశారు. ఇక అన్నీ మంచం మీదే. రోజూ ఒళ్ళు తుడిచి, దుప్పట్లు మార్చి, గదంతా ఫినాయిల్‌తో కడిగేదాన్ని. అయినా వాసన పోయేది కాదు.

మా పేటలో గురువారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన ఉంటుంది. మా వంతు వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా అమ్మ మంచం చుట్టూ చాపలేసుకుని కూర్చునేవాళ్ళు. అమ్మకి అదొక్కటే సంతోషం. ఒకసారి పాట మధ్యలో ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కావిడా పెట్టుకుంది. అమ్మ చూసింది. మళ్ళీ మా వంతు వచ్చేసరికి "వద్దులేవే, వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టటం" అంది. మంచినీళ్ళు తగ్గించేసింది. అన్నం సగంలో వదిలేసేది. తింటేనే కదా మంచం పాడయ్యేది అని ఆమె లెక్క. బతిమాలాను, తిట్టాను, ఎదురుగా కూర్చుని ఏడ్చాను. వినలేదు.

పైపు ఎక్కడో పగిలి ఉంటుందని నందిగామ నుంచి ప్లంబర్ని పిలిపించాను. అనుమానం కంటే అది నా ఆశ. అతను తెచ్చిన మిషన్ చూడగానే ఒళ్ళు మండింది. పెళ్ళిలో వధూవరులు స్టేజీ ఎక్కేటప్పుడు తెల్లటి పొగ వదులుతారే, అది.

"బాబూ, ఇక్కడ పెళ్ళేం జరగట్లేదు."

"పైపుల్లోకి పొగ వదుల్తానండి. ఎక్కడ సందుంటే అక్కడ బయటికొచ్చుద్ది. గోడలు పగలగొట్టే పనుండదు" అన్నాడు నవ్వుతూ.

మేడ మీది గాలి గొట్టానికి తడి గోతం చుట్టి కట్టాడు. సెప్టిక్ ట్యాంకు పక్కన చాంబరు మూత తీసి, లోపలికి పొగ పంపాడు. నేను పెరట్లో పైపుల వెంట చూసుకుంటూ తిరుగుతున్నాను. లోపల్నుంచి అమ్మ కేక వినిపించింది.

"ఏమే, ఇల్లంటుకుందే!"

తాళం వేసిన బాత్రూం తలుపు కింద నుంచి పొగ అమ్మ మంచం వైపు పాకుతోంది. తలుపు తీస్తే, నేల మీద నీళ్ళు పోయే జాలీలోంచి వస్తోంది. ప్లంబర్ బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. పొగ ఆగిపోయింది.

"ఏం పగల్లేదు మేడం. దీని కింద కాసిని నీళ్ళు నిలబడుండాలి. ట్యాంకు గాలి పైకి రాకుండా ఆ నీళ్ళే అడ్డం. వాడకపోయేసరికి ఎండిపోయినై. అప్పుడప్పుడూ చెంబుడు నీళ్ళు పొయ్యండి, చాలు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. పరుగున వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"చూశావా? నువ్వు కాదు. ట్యాంకు గాలి."

అమ్మ ఆ తలుపు కేసి చూసింది. "వాళ్ళక్కూడా చూపించవే ఆ పొగ" అంది.

అప్పటికే మిషన్ కంచికచర్లలో పెళ్ళికని వెళ్ళిపోయింది. నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. "అయ్యో, మేమేమన్నాం టీచరుగారూ" అన్నారు. తర్వాతి గురువారం అందరూ వచ్చారు. ఎవరూ కొంగు ముక్కు దాకా తేలేదు. గదిలో వాసనా లేదు. అయినా అమ్మ దుప్పటి మెడ దాకా లాక్కుని, పాట అందుకోకుండా, ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పడుకుంది. వాళ్ళు వెళ్ళాక "వాసనొచ్చిందా?" అని నన్ను అడిగింది. ఆ తర్వాత గదిలోంచి ఎవరు బయటికి వెళ్ళినా అదే ప్రశ్న. నీళ్ళు మాత్రం మునుపటిలా తాగలేదు.

వానలు మొదలవకముందే అమ్మ పోయింది. పెట్టెలో పడుకోబెట్టాక, మా వాళ్ళలో అలవాటే, ఒకావిడ అమ్మ మీద చల్లటానికి సెంటు సీసా మూత తీసింది. ఆ రోజు అందరికంటే ముందు కొంగు అడ్డం పెట్టుకున్నావిడ. మంచి మనిషే, ఏడుస్తోంది కూడా. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వద్దండి" అన్నాను. "మా అమ్మకి అక్కర్లేదు."