కొసరు ఉప్పు

అప్ప గంప అడుగు నుంచి దోసెడు ఉప్పు తీసి నా చేటలో పోసినప్పుడు, మొదటిసారి నాకు భయమేసింది.

భావనపాడు నుంచి టెక్కలి దాకా ఎండుచేపలు మోసుకొచ్చి అమ్మే మనిషి ఆమె. వయసులో పెద్దదని నేనూ, నన్ను చూసి పిల్లలూ అప్ప అనేవాళ్ళం. కొసరుగా మరో చేప వేసేది కాదు. చేపలు ఎండబెట్టగా మిగిలిన ఉప్పు ఇంత పోసేది. ఆరేళ్ళుగా అదే అలవాటు. కానీ ఆ వేసవిలో సముద్రపుటొడ్డున జనం సర్కారును ధిక్కరించి ఉప్పు వండి జైళ్ళకు పోతున్నారు. మావారు బోర్డు స్కూల్లో మేష్టారు. ఇంట్లో ఎవరు ఆ గొడవలో కనబడినా ఉద్యోగం ఉండదని పైనుంచి కాగితం వచ్చింది. రాజకీయాలకు దూరంగా ఉందామని ఆయన రోజూ అనేవారు. నాకూ అదే భద్రంగా తోచేది.

అప్ప గుమ్మం దిగగానే ఆ ఉప్పంతా కుడితి తొట్టిలో పారబోశాను. పెద్దపిల్ల చూస్తూ నిలబడింది.

కాసేపటికే ఉప్పు శాఖ జవాను ఒకడు ఆమెను మా అరుగు దగ్గరికి తీసుకొచ్చాడు. దొంగ ఉప్పు అమ్ముతోందట. అప్ప బెదరలేదు.

“మీ ఇంటికాడా ఏసినాను గదేటి బాబూ? మీ ఆడోలు కూరల ఏసుకోనేదా?”

వీధిలో నలుగురూ నవ్వారు. అతని మొహం మాడిపోయింది. ఉప్పుకు డబ్బు తీసుకుందా అని నన్ను అడిగాడు. తీసుకోలేదంటే చాలు, వదిలేసేవాడే. కానీ అలా అంటే ఆ ఉప్పు మా ఇంట్లోకి వచ్చినట్టు ఒప్పుకోవాలి.

“సదువుకున్నోరు, మీ మాట ఇంటాడు. సెప్పమ్మా, కొసరే గదా?” అంది అప్ప.

మాకేమీ తెలియదన్నాను. మేం రాజకీయాల్లో ఉండమన్నాను.

“రాజకీయం ఏటమ్మా, నాను ఉప్పు గురించి అడిగినాను” అంది. గొంతులో కోపం కూడా లేదు. జవాను ఆమెను గంపతో సహా తీసుకుపోయాడు.

మంచిపని చేశావన్నారు మావారు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మేజిస్ట్రేటుకు అర్జీ రాయడానికి కూర్చున్నాను. ఆమె ఉప్పు అమ్మలేదని, కొసరుగా పోసిందని కాలేజీలో నేర్చిన ఇంగ్లీషులో శుభ్రంగానే రాశాను. కింద, ఫలానావారి భార్యనని ఆయన పేరు రాయవలసిన చోట కలం ఆగిపోయింది. కాగితం పొయ్యిలో పెట్టాను.

తెల్లవారి చద్దన్నం పెడుతుంటే, తొట్టిలో పోసిన ఉప్పు సంగతి ఎందుకు చెప్పలేదని పెద్దపిల్ల అడిగింది. పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

“అప్ప ఏ తప్పూ చేయలేదమ్మా. నేనే భయపడి అబద్ధమాడాను. ఈ మాట మాత్రం బయట ఎవరితోనూ అనకండి.”