దెబ్బలు తిన్నవాడు

రైన్ నది ఒడ్డున మా ఊరి చర్చిలో వాక్యం చెప్పే యోస్ట్ బింకర్ట్ చదివినంతసేపూ పుస్తకం మీద నుంచి వేలు తియ్యడు. వాక్యానికి లేని అర్థం ఎవరైనా అంటగడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. "ముందు అక్కడేముందో చదవండి! పైదీ కిందిదీ చదవండి!" అని రొట్టెల అంగడి ముందైనా సరే కేకలేస్తాడు.

ఆ ఆదివారం పైఊరి పండితుడు వెండెలిన్ బైబిల్లోని మంచి సమరయుడి కథ, దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఒక పరాయి మతస్థుడు సత్రానికి చేర్చి కాపాడిన కథ, వివరిస్తున్నాడు. దారిలో దెబ్బలు తిని పడున్నవాడు ఆదామట, సత్రం క్రైస్తవ సంఘమట, గాయాలకు పోసిన నూనె దేవుడి కృపట. జనం తలలూపుతున్నారు. అప్పుడే యోస్ట్ భార్య అపొలోనియా వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పింది. యోస్ట్ బల్ల గుద్ది లేచాడు.

"దెబ్బలు తిన్నవాడు ఆదామేంటయ్యా! దెబ్బలు తిన్న మనిషి! నిన్నట్నుంచి మన ఊరి కోట తలుపు బయటే పడున్నాడు. దొంగలు కొట్టిన ఉప్పు బండివాడు. పోపును నమ్మే పాత మతస్థుడని మనవాళ్లే లోపలికి రానివ్వలేదు!"

"కూర్చోండి యోస్ట్‌గారూ, నేను లోతైన అర్థం చెబుతున్నా."

"చివర్లో ప్రభువు ఏమన్నాడు? వెళ్లి నువ్వూ అలాగే చెయ్యమన్నాడు. వివరించమన్నాడా?"

యోస్ట్ చర్చి దాటి నడిచాడు. కోట తలుపు దగ్గర కాపలావాడు అడ్డొచ్చాడు. "పెద్దల ఆజ్ఞ లేదు, అయ్యగారూ."

"ఆజ్ఞ ఇప్పుడే చర్చిలో చదివార్రా. తియ్యి!"

బండివాణ్ణి వీపున మోసుకొచ్చి తన మంచం మీదే పడుకోబెట్టాడు. అపొలోనియా గాయాలు కడిగింది. చీకటి పడకముందే అతను చనిపోయాడు.

మరుసటి ఆదివారం యోస్ట్ మళ్లీ అదే కథ తీశాడు. మొత్తం చదివి మావైపు చూశాడు.

"అర్థం కానిదేం లేదు ఇందులో," అన్నాడు. "మనమే ఒకరోజు ఆలస్యంగా చదివాం."

పుస్తకం మూసి దిగిపోయాడు.