కాసియన్ చుట్టుదారి

మా ఆయన కాసియన్‌ని ఈ లోయలో అందరూ పిచ్చోడంటారు. నేనూ అన్నాను, పద్దెనిమిదేళ్లుగా, మొహం మీదే. ఆయన పని మంచు కొలవడం. చలికాలమంతా పొద్దున్నే పైకెక్కి, కొలకర్ర దగ్గర ఎంత పడిందో చూసి, గొయ్యి తవ్వి లోపలి పొరలు నలిపి చూసి, ఎనిమిదిన్నరకల్లా మంచు జారుడు హెచ్చరికల ఆఫీసుకి ఫోన్ చేస్తాడు. గామ్స్ అనే కొండవాలు మీదుగా పోతే అరగంట దారి. ఈయన అడవిలోంచి చుట్టూ తిరిగి గంటన్నర పోతాడు.

ఒకప్పుడు ఆయనా వాలు మీదుగానే వెళ్లేవాడు. మార్చి నెలలో తెల్లారేసరికి మంచు రాయిలా గడ్డకట్టి ఉంటుంది, భయం లేదు. పదకొండు దాటితే ఎండకి నీరుకారి మొత్తం జారిపోతుంది. ఇక్కడ పాలు తాగే పిల్లలకూ తెలుసు. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మకి తెలీదు. పొద్దున ఆయన స్కీలు మంచులో వేసిన జాడ పట్టుకుని మధ్యాహ్నం పోయింది. జారిపడ్డ మంచులో ఊరంతా వరసగా నిలబడి పొడుగాటి కడ్డీలు గుచ్చుతూ వెతికితే సాయంత్రానికి దొరికింది, ప్రాణం లేకుండా.

వాళ్ల నాన్న మా వంటింట్లో కూర్చుని, "అక్కడ జాడ ఉందటండీ, అందుకే వెళ్లిందట. ఎవరిదో?" అన్నాడు. చెప్పకపోయినా మమ్మల్ని నిలదీసేవాడు లేడు.

"నాదే," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. ఆ పెద్దాయన వెళ్లాక మా ఆయన్ని దులిపేశాను. "నీదెలా అవుతుంది? ఆ పిల్లకి గడియారం లేదా?"

"జాడ మీద టైము రాసుండదే. పొద్దున వేసినా మధ్యాహ్నం దాకా రమ్మంటూనే ఉంటుంది."

ఆ మర్నాటి నుంచీ చుట్టుదారే. హోటల్ నడిపే పంక్రాట్స్‌కి అదో నవ్వులాట. "అన్నయ్య చెట్లతో కబుర్లాడి వచ్చాడా వదినా?" అంటాడు. మళ్లీ అదే నోటితో తన హోటల్లో దిగినవాళ్లకి, "మంచు కొలిచేవాళ్ల జాడ కనిపిస్తే కళ్లు మూసుకుని పొండి," అని చెప్తాడు. ఆ నోరు కుట్టేయాలి.

ఈ మార్చిలో ఆయన మోకాలికి ఆపరేషనైంది. పని నా నెత్తిన పడింది. రెండు వారాలు ఆయన్ని తిట్టుకుంటూ అడవి చుట్టూ తిరిగాను. మొన్న లేటైంది. ఫోన్ టైము దాటిపోతోంది, మంచు చూస్తే గట్టిగా ఉంది. వాలు మీదుగా పోయాను. ఏమీ కాలేదు. హాయిగా వచ్చేశాను. ఇన్నేళ్లూ ఈ మనిషి నా బతుకులోంచి ఎన్ని పొద్దులు తినేశాడో అని పళ్లు నూరుకుంటూ దిగాను.

పదకొండింటికి బంగాళాదుంపలు వేయిస్తూ కిటికీలోంచి చూస్తే, వాలు కింద గడ్డి కొట్టం దగ్గర ఇద్దరు కూర్చుని రొట్టె తింటున్నారు. నా జాడ పట్టుకుని వచ్చారు. స్టవ్ ఆపానో లేదో గుర్తులేదు. కాసియన్ మోకాలు చూపించుకోడానికి బస్సులో ఆస్పత్రికి పోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. స్కీలు తగిలించుకుని పైకి ఉరికాను.

వాళ్లు లేచి బయల్దేరబోతుంటే అందుకున్నాను. "వెనక్కి దిగండి. ఇప్పుడే."

"ఎందుకండీ? జాడ ఉందిగా," అంది ఆమె. "కొలిచేవాళ్లదేనట, హోటల్లో చెప్పారు."

"అది పొద్దుటి జాడ."

"మాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు అతను.

నా దగ్గర తిట్లకి కరువు లేదు. అవన్నీ మింగి అతని చెయ్యి పట్టి కిందికి తిప్పాను.

సణుక్కుంటూ నాతో దిగారు. ఒంటిగంటకి వాలు మొత్తం ఊడి కిందికొచ్చింది, కొట్టం పైదాకా. జాడలో సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం మా ఇంటి దగ్గర్నుంచి తిన్నగా ఆ కుప్పలోకి వెళ్లి ఆగిపోయింది.

నాలుగింటికి కాసియన్ వచ్చి, కర్ర ఆనించి, కిటికీలోంచి వాలు వైపు చూశాడు.

"పంక్రాట్స్ హోటల్ వాళ్లదా ఆ జాడ?" అన్నాడు.

అవునంటే అయిపోయేది.

"నాదే," అన్నాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.